మా ముందుగదిలో ఒక ఇంగ్లీషు విశేషణం

మా నాన్న ఎవరి మీదా గొంతెత్తి ఎరగరు. గుణదలలో మా వీధంతా దీన్ని ఒక సుగుణంగా చెప్పుకుంటుంది. కూరలో ఉప్పు ఎక్కువైతే కంచాన్ని రెండు వేళ్ళతో పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని, “పరవాలేదు” అని లేచిపోతారు. ఆ “పరవాలేదు” తర్వాత అమ్మ ఆ పూట అన్నం తినగా నేను చూడలేదు.

ఆయన ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ భాషలో రెండు మాటలు కలిపి కుట్టిన విశేషణాలంటే ఆయనకు ప్రాణం. వాటన్నిటిలోనూ “ఈవెన్-కీల్డ్” అంటే మరీ ఇష్టం. ఏ అలకూ తొణకనివాడు, కోపతాపాలను సమంగా మోసేవాడు అని అర్థం చెప్పేవారు. ఎవరో పొరుగాయన ఆయన్ని స్థితప్రజ్ఞుడని పొగిడితే, “అది మునులకండీ. సంసారులకు ఈవెన్-కీల్డ్ చాలు” అని నవ్వుతూ దిద్దారు. బంధువులందరికీ ఆ పదం మీదే మార్కులు వేసేవారు. ఆయన లెక్కలో ఎప్పుడూ తప్పేది అమ్మ ఒక్కతే.

మా మేనమామ పోయినరోజు అమ్మ వాకిట్లో కూలబడి గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. పలకరించడానికి వచ్చిన తన స్నేహితులతో నాన్న మెల్లగా, “క్షమించండి. షీ ఈజ్ నాట్ ఈవెన్-కీల్డ్” అన్నారు. అమ్మకు ఇంగ్లీషు రాదు. తన గురించేనని మాత్రం తెలిసింది. ఏడుపు మధ్యలోనే తల తిప్పి, “ఏంటి, ఏవంటున్నారు నన్ను?” అని అడిగింది. వచ్చినవాళ్ళు తమ చెప్పుల వంక చూసుకున్నారు.

ఆ పదం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వృత్తిరీత్యా తెలుసు. నేను విశాఖలో నౌకానిర్మాణం చదివాను. ఇప్పుడు విజయవాడలో ఈ ఇంట్లోనే ఉంటూ, కృష్ణ మీదా కొల్లేరులోనూ మనుషులనూ మోటారుసైకిళ్ళనూ దాటించే పంట్ల నిలకడను పరీక్షిస్తుంటాను. కీల్ అంటే ఓడ అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా వెన్నెముకలా సాగే దూలం. ఉత్తర సముద్రాల నావికుల పాత భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. “ఈవెన్” అంటే సమం. ఓడ ముక్కు దగ్గరా వెనుక భాగం దగ్గరా, నీటిలో ఎంత లోతుకు దిగిందో చూపించే అంకెలు వేసి ఉంటాయి. రెండుచోట్లా లోతు ఒక్కటే అయితే ఆ ఓడ “ఈవెన్ కీల్ మీద ఉంది” అంటారు. నావికులు ఓడ గురించి చెప్పుకున్న ఈ సంగతిని ఒడ్డున ఉన్నవాళ్ళు మనుషులకు తగిలించారు. తర్వాతెప్పుడో చివర ఒక ప్రత్యయం చేర్చి విశేషణంగా మార్చుకున్నారు.

ఒడ్డున ఉన్నవాళ్ళు గమనించనిది ఒకటుంది. ఓడ ముందూ వెనుకా సమంగా తేలుతోందని మాత్రమే ఆ అంకెలు చెబుతాయి. గట్టిగా తోస్తే తిరిగి నిలబడుతుందో, బోర్లా పడుతుందో వాటికి తెలియదు. అది తెలియాలంటే ఓడను ఊపి చూడాలి. బరువు అడుగున ఉన్న ఓడ ఒక పక్కకు ఒరిగితే చప్పున, మొరటుగా, లోపలి సామాను దొర్లిపోయేలా వెనక్కి లేస్తుంది. ప్రయాణికులు దాన్ని తిట్టుకుంటారు. మేము దాన్ని నమ్ముతాం. బరువు పైకెక్కిన ఓడ నెమ్మదిగా, హుందాగా ఒరుగుతుంది, ఒరిగినచోట కాస్త ఆలోచిస్తున్నట్టు ఆగుతుంది. ప్రయాణికులకు అది హాయి. అది తిరిగి లేవకపోవచ్చని మేము మాత్రం అక్కడే లైఫ్ జాకెట్లు లెక్కపెట్టుకుంటాం.

ఒకసారి భోజనాల దగ్గర ఇదంతా నాన్నకు చెప్పాను. మన నదిలో తిరిగే పంట్ల అడుగు చదును కాబట్టి వాటికి అసలు కీలే ఉండదని కూడా చెప్పాను.

“నువ్వు ఇనుము చదువుకున్నావమ్మా, నేను మాట చదువుకున్నాను” అన్నారు నాన్న, మజ్జిగ కలుపుకుంటూ.

“పంటుకి లేని దాని గురించి ఇంట్లో ఇంత గొడవెందుకంట?” అంది అమ్మ వంటింట్లోంచి.

ఆయన నవ్వారు. ఆ నవ్వు కూడా రెండు పెదవుల చివర్లలోనూ సమంగానే ఉంటుంది.

అమ్మది పెడన దగ్గర మగ్గాల ఇల్లు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి మా ముందుగదిలో నేత చీరలు అమ్మేది. బోర్డు లేదు, కౌంటరు లేదు. గోడవారన చెక్క బీరువా, నేలమీద చాప, మూలన లక్ష్మీదేవి పటం, అంతే. నర్సులు, టీచరమ్మలు, మేరీమాత ఉత్సవానికి వచ్చి అటునుంచి అటే మా వీధిలోకి తొంగిచూసే ఆడవాళ్ళు ఆమె బేరాలు. ఆమె అరిచి అమ్మేది. “ఈ రంగు మీకేం బాగుంటుందండీ, కామెర్లొచ్చినట్టుంటారు, ఇది కట్టండి” అని చేతిలో ఉన్న చీర లాక్కునేది. తిట్టించుకున్నవాళ్ళే మళ్ళీ వచ్చేవాళ్ళు. ఎందుకంటే ఆ తిట్టు వెనకే కాఫీ వచ్చేది. ఆ గది కాకుండా ఈ ఇంట్లో అమ్మదంటూ వంటగట్టు ఒక్కటే ఉంది. గట్టు దగ్గర ఆమెను ఎవరూ ఏమీ అడగరు. గదిలో మాత్రం ఏది కట్టుకోవాలో ఆమెనే అడిగేవాళ్ళు.

రిటైరయ్యాక నాన్నకు ఆ గది కావలసివచ్చింది. ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతానన్నారు.

“నేర్పండి. మేడమీద గది ఖాళీయేగా” అంది అమ్మ.

“మెట్లెక్కి ఎవరొస్తారు? ముందుగది అయితే వీధికి కనిపిస్తుంది.”

“నా చీరలూ వీధికి కనిపించాలండీ! ఆ గదిని నేనివ్వను. చంపినా ఇవ్వను!”

చేతిలో గరిట ఉందని మర్చిపోయి ఆడించిందేమో, పులుసు చుక్కలు గోడమీద పడ్డాయి. నాన్న ఆ చుక్కలను చూశారు. “సరే” అన్నారు. మరుక్షణం అమ్మ గోడ తుడిచేసి, “పెరుగు వేసుకోండి, పులిసిపోతోంది” అంది. ఆమెవరకు గొడవ అక్కడితో అయిపోయింది.

తర్వాత ఒక శుక్రవారం పొద్దున్నే, అమ్మ పటానికి దీపం పెట్టి చాప పరుస్తుండగానే, నాన్నతో పనిచేసినాయన భార్య వచ్చింది. బోణీ బేరం. రోజుకు మొదట వచ్చిన మనిషి ఏదో ఒకటి కొనాలి. బేరం కుదరకపోతే అమ్మే ధర తగ్గించి, కనీసం జాకెట్టు గుడ్డయినా చేతిలో పెట్టి, ఇచ్చినదాన్ని కళ్ళకద్దుకునేది. మొదటి మనిషి వట్టిచేతులతో గుమ్మం దిగితే ఆ రోజంతా వట్టిపోతుందని మగ్గాల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఒక భయం. ఆ భయాన్ని అమ్మ ఎన్నడూ దాచుకోలేదు. మా ఇంట్లో అందరికీ తెలుసు.

“పసుపుకొమ్ము రంగేమైనా ఉందా వదినగారూ?” అంది ఆవిడ, దిండుకు ఆనుకుని కూర్చుంటూ.

“లేకేమండీ!” అమ్మ బీరువా తెరిచింది. పసుపు ముదురందావిడ. ఆకుపచ్చ లేతంది. ఒకదానికి అంచు సన్నం, ఒకదానికి అంచు వెడల్పు. నేను పక్కగదిలో ఆఫీసుకు తయారవుతున్నాను. విప్పిన మడత విప్పినట్టే చీర మీద చీర పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. చాప కనిపించకుండా పోయింది. అప్పుడావిడ లేచింది.

“ఎంత బాగున్నాయండీ అన్నీ! కళ్ళకు పండగలా ఉంది. వస్తా మరి.”

“అదేంటండీ! శుక్రవారం పూట బోణీ చెయ్యకుండా వెళ్తారా? పోనీ, ఈ జాకెట్టు ముక్కన్నా తీసుకోండి. మీకు తోచింది ఇవ్వండి.”

“అబ్బే, ఇవాళ కొనే ఉద్దేశం లేదమ్మా.”

“కొనే ఉద్దేశం లేనిదానివి గదంతా పరిపించుకున్నావెందుకు?” అమ్మ గొంతు వీధిలోకి వెళ్ళింది. “చీరలనుకున్నావా, సినిమా పోస్టర్లనుకున్నావా చూసిపోడానికి? పొద్దున్నే వచ్చి నా నోట్లో మట్టి కొట్టడానికి నీకు నేనే దొరికానా?”

వరండా వైపు తలుపు తెరుచుకుంది. నాన్న నిలబడి ఉన్నారు. ఆయన వెనుక ఇద్దరు పెద్దమనుషులు, ఆయన పాత స్నేహితులే, కాఫీ గ్లాసులతో. అంత పొద్దున్నే వాళ్ళను ఆయన కాఫీకి పిలవడం అంతకుముందు ఎన్నడూ లేదు.

“క్షమించండమ్మా” అన్నారు నాన్న ఆవిడతో. “ఆవిడకు ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు.”

“నాకేవయిందండీ? గుండ్రాయిలా ఉన్నాను!” అని అరిచింది అమ్మ.

నాన్న స్నేహితుల వైపు తిరిగి, “చూశారుగా” అన్నారు. ఇద్దరూ చూశామన్నట్టు తల ఊపారు.

ఆ తర్వాత ఆయన చేసిందంతా గేటు దగ్గర నిలబడి చేసినదే. చీరల కోసం వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ నవ్వుతూ పలకరించి, “డాక్టరుగారు ఆవిడను విశ్రాంతిగా ఉండమన్నారండీ. మనుషులతో మాట్లాడితే ఉద్రేకపడుతోంది” అని పంపేవారు. సంగతి తెలిసి కొందరు పరామర్శకు ఫోన్ చేశారు. “ఎవరు చెప్పారు మీకు? నాకేం రోగం?” అని అమ్మ ఫోన్లోనే అరిచేది. వాళ్ళు పాపమనుకుని పెట్టేసేవాళ్ళు. అరిచిన కొద్దీ జబ్బు రుజువయ్యేది. అరవకపోతే ఒప్పుకున్నట్టయ్యేది. నేను ఇన్నేళ్ళుగా తేలే వస్తువులను పరీక్షిస్తున్నాను. ఎటు ఒరిగినా మునిగేట్టు ఇంత శ్రద్ధగా చేసిన ఏర్పాటును మరొకటి చూడలేదు.

నాన్నతో ఒకసారి అన్నాను, “అమ్మకు ఏ జబ్బూ లేదని మీకు తెలుసు” అని.

“నేను జబ్బన్నానా? విశ్రాంతన్నాను. నువ్వు మాటలు సరిగ్గా వినాలమ్మా, నువ్వు ఇంజనీరువి.”

వేసవి వచ్చేసరికి బేరాలు పూర్తిగా ఆగిపోయాయి. అమ్మ మిగిలిన చీరలను తన చేత్తోనే మడతపెట్టి, మూటలు కట్టి, ఆటోలో నేతవాళ్ళకు తిప్పి పంపేసింది. బీరువా మేడమీదకు వెళ్ళింది. లక్ష్మీదేవి పటం వంటింట్లోకి వచ్చింది. ముందుగదికి నాన్న తెల్లరంగు వేయించి, తెల్లబోర్డు బిగించి, కుర్చీలు తెప్పించారు.

ఆ రోజుల్లోనే కొల్లేరులో ఒక పంటును పరీక్షించి వస్తూ, హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారడానికి దిగాను. బస్టాండులో అరటిపళ్ళు బేరమాడుతూ ఆ శుక్రవారంనాటి ఆవిడ కనిపించింది. నన్ను చూసి తనే దగ్గరికి వచ్చింది.

“అమ్మకెలా ఉందమ్మా? ఆ రోజు నాకు భలే బాధేసింది. నేనసలు వచ్చేదాన్నే కాదు, మీ నాన్నగారే ఫోన్ చేసి రమ్మంటేనూ.”

“నాన్నా?”

“అవునమ్మా. ‘మా ఆవిడకు చీరలు చూపించడం సరదా, శుక్రవారం పొద్దున్నే వెళ్ళి అన్నీ విప్పించి చూడండి, సంతోషిస్తుంది. కొనడం మాత్రం వద్దు, కొంటే మళ్ళీ సరుకు తెప్పిస్తుంది, వ్యాపారం తగ్గించుకోవాలి’ అన్నారు. పెద్దాయన అంత మర్యాదగా అడిగితే కాదంటామా? పాపం, ఎంత ఓపికమ్మా ఆయనకు, ఆవిడతో!”

ఆమెకు అబద్ధం చెప్పే అవసరం లేదు. నాన్న కూడా ఆమెకు “సంతోషిస్తుంది” అన్న ఒక్క అబద్ధమే చెప్పారు. బోణీ సంగతి తెలిసిన మనిషి, శుక్రవారాన్ని ఎంచుకుని, సాక్షులకు కాఫీ పోయించి పెట్టుకున్నారు.

ఇంటికి వచ్చి అమ్మకు, విన్నది విన్నట్టు, ఒక్క మాట చేర్చకుండా చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతోంది. అరుస్తుందనుకున్నాను. కత్తిపీట ఎత్తి గోడకేసి కొడుతుందనుకున్నాను, ఆ తర్వాత కాఫీ ఇస్తుందనుకున్నాను. ఆమె చేతిలోని కాయను చివరిదాకా తరిగి, ముక్కలను ఉప్పునీళ్ళలో వేసి, “అలాగా” అంది. కత్తిపీట కడిగి గోడకు చేర్చి, “స్నానం చెయ్యి. అలసిపోయుంటావు” అంది.

చప్పున ఊగి చప్పున లేచే పడవ ఒక రోజు ఉన్నట్టుండి నెమ్మదిగా ఊగడం మొదలుపెడితే, మేము దాన్ని మెచ్చుకోం. ప్రయాణికులను దింపేసి, లోపలికి నీళ్ళెక్కడ చేరాయో వెతుకుతాం.

క్లాసులు మొదలుపెట్టేరోజు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, లోపల అద్దం ముందు తల దువ్వుకుంటున్నారు. నేను మేడమెట్ల మీద కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నాను. అమ్మ గేటు దగ్గర ముగ్గు వేస్తోంది. ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపున్న ఒకాయన తన కూతుర్ని స్కూటరు మీద ఎక్కించుకుని వచ్చాడు.

“మాస్టారున్నారామ్మా? స్పోకెన్ ఇంగ్లీషు చెప్తారంటగా, పిల్లని చేర్పిద్దామనీ.”

అమ్మ ముగ్గుచిప్ప గట్టుమీద పెట్టి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

“అయ్యో, మీకు తెలీదాండీ? ఆయనకు ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు” అంది.

అది నాన్న గొంతు. వేగం అదే, ఎత్తు అదే, “ఒంట్లో” దగ్గర చిన్న విరుపు కూడా అదే.

“అరెరె! ఏమైందమ్మా?”

“డాక్టరుగారు విశ్రాంతిగా ఉండమన్నారు. మనుషులతో మాట్లాడితే ఉద్రేకపడుతున్నారండీ.”

“మాస్టారా? ఉద్రేకపడటమా? ఆయన చాలా నెమ్మదస్తులని విన్నానే!”

“బయటికేం తెలుస్తుందండీ” అంది అమ్మ, చాలా మెల్లగా. “అంతా లోపలే.”

ఆయన తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, చావింటికి వచ్చినట్టు. కూతుర్ని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. అమ్మ ముగ్గుచిప్ప తీసుకుని, ఆగిన గీత దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెట్టింది.

నాన్న వరండాలోకి వచ్చారు. “ఎవరో వచ్చినట్టున్నారు?”

“అడ్రసు కనుక్కోడానికండీ.”

ఆయన తల ఎత్తి నావైపు చూశారు. “నువ్వు పైనే ఉన్నావుగా. ఏం విన్నావమ్మా?”

“అడ్రసు అడిగారు నాన్నా” అన్నాను. నా గొంతు కూడా ఎక్కడా కదలలేదు. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆ రోజు బోణీ కాలేదు. ఆ మాట ఊళ్ళోకి పాకి, మర్నాడు పిల్లలకు బదులు పరామర్శలు రావడం మొదలైంది. బత్తాయిలు, హార్లిక్స్ సీసా, కొబ్బరిబొండాలు. వచ్చినవాళ్ళను అమ్మ తెల్లబోర్డున్న ఆ గదిలోనే కూర్చోబెట్టి కాఫీ ఇస్తుంది.

“ఎలా ఉంది మాస్టారూ?”

“నాకేం లేదండీ. నిక్షేపంలా ఉన్నాను” అంటారు నాన్న, ఎప్పటి గొంతుతోనే.

అమ్మ వచ్చినవాళ్ళ వైపు తిరిగి, “చూశారుగా” అంటుంది.

వాళ్ళు చూశామన్నట్టు తల ఊపుతారు. ఆయనకున్న దారి ఒక్కటే, గట్టిగా అరవడం. బల్ల గుద్ది, నాకే జబ్బూ లేదు, ఈవిడ అబద్ధాలాడుతోంది అని వీధికంతా వినిపించేలా చెప్పడం. అలా చేస్తే ఉద్రేకం నిజమవుతుంది. చెయ్యకపోతే నీరసం నిజమవుతుంది. ఆయన పెదవులు తడుపుకుంటారు. మధ్యాహ్నం వాళ్ళందరి ముందే అమ్మ ఉప్పులేని చారు, మెత్తగా వండిన అన్నం తెచ్చి పెడుతుంది. ఆయన కంచాన్ని పక్కకు జరపరు. వచ్చినవాళ్ళు చూస్తున్నారు కదా, తింటారు.

ఇదంతా చూస్తూ నేను సంతోషించానని అనుకున్నాను, కొన్నాళ్ళు. తర్వాత గమనించాను. అమ్మ ఇప్పుడు పాలవాడి మీద కూడా అరవడం లేదు. నేను పాలగిన్నె పొంగించినా “పరవాలేదు” అంటోంది. బీరువా కిందికి దింపిద్దామా, మళ్ళీ చీరలు తెప్పిద్దామా అని అడిగితే, “ఎందుకులే, అరిచే ఓపిక లేదు” అంది. ఆ గది ఆమెకు తిరిగిరాలేదు. ఆయనకూ దక్కలేదు. అందులో కుర్చీలున్నాయి.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ గొంతెత్తరు. వచ్చినవాళ్ళు ఎంత ప్రశాంతమైన ఇల్లండీ అంటారు. నేను పరీక్షకు వెళ్ళినప్పుడు పంటు మీద బరువును ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపిస్తాను. పైనుంచి గుండు కట్టి వేలాడదీసిన తూకపు దారం ఎంత పక్కకు జరిగిందో స్కేలు మీద చూస్తాను. ఒక్కోసారి బరువు ఎంత జరిపినా దారం కదలదు. కొత్తవాళ్ళు దాన్ని గొప్ప నిలకడ అనుకుంటారు. నేను దిగి నీటి లోతు చూస్తాను. పంటు అడుగు నేలకు ఆని ఉంటుంది.

మొన్న చివరి పరామర్శ వెళ్ళిపోయాక నాన్న ఎంగిలి కంచం ముందే కూర్చుని, అమ్మను ఒక్క ప్రశ్న అడిగారు. నేను ఆయన్నుంచి అంతకుముందు అలాంటి ప్రశ్న వినలేదు.

“ఎందుకిలా చేస్తున్నావు నన్ను?”

అమ్మ కంచం తీసింది. కిందపడ్డ మెతుకులు ఏరింది. బల్ల తుడిచింది.

“నేనేం చేశానండీ?” అంది. “గొంతు కూడా ఎత్తలేదే.”